కాసుల డబ్బా ఒకపక్క, పాప పాస్‌బుక్కు ఒకపక్క: దేనికి ఎంత పెట్టాలి?

పాలకొల్లు పంతులమ్మ · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మావారు రొయ్యల మేత కంపెనీలో చేస్తారు. ఇద్దరిదీ కలిపి నెలకి 74,000 చేతికొస్తుంది. అత్తయ్యగారింట్లోనే ఉంటాం కాబట్టి అద్దె లేదు. పాపకి ఏడేళ్ళు.

నాకు కాసులంటే, అదే దాదాపు ఎనిమిది గ్రాముల బంగారు నాణేలంటే, ప్రాణం. మా అమ్మమ్మ పోయే ముందు ఐదు కాసులు నా చేతిలో పెట్టింది. పాత జాకెట్టు గుడ్డలో చుట్టి, ఇత్తడి డబ్బాలో ఇన్ని బియ్యం పోసి అందులో దాచుకునేది. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద మనిషి. చిన్నప్పుడు శ్రావణ శుక్రవారం పూజకి ఆ డబ్బా తీసేవారు. అమ్మవారి ముందు పళ్ళెంలో ఒక్కోటీ పెడుతుంటే వచ్చే ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. నాలుగేళ్ళ కిందట నేనూ కొనడం మొదలెట్టాను. నెలకి 12,000 చీటీ కట్టడం, పాడుకోవడం, వచ్చిన డబ్బుతో కాసు కొనడం. అమ్మమ్మవి ఐదు కాక ఇప్పుడు నావి తొమ్మిది.

పోయిన వారం బీరువా సర్దుతుంటే పాప సుకన్య సమృద్ధి పాస్‌బుక్కు బయటపడింది. ఆడపిల్లల పేరున పెట్టే ప్రభుత్వ పొదుపు ఖాతా అది, 2020లో తెరిచాం. చివరి రెండేళ్ళూ అందులో ఒక్క రూపాయి వెయ్యలేదు. మావారు చూసి ఏమీ అనలేదు. పుస్తకం బల్లమీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. పీపీఎఫ్ అని ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా ఇంకోటుంది, అందులో ఏడాదికోసారి 500 పడేసి ఖాతా బతికిస్తున్నానంతే. మ్యూచువల్ ఫండులో నెలనెలా వేసే 2,000 సిప్ ఒకటుంది, అదీ మూడు నెలలుగా ఆపేశాను.

బంగారం కూడా పొదుపే కదా, ఎక్కడికి పోతుంది అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట నాకే గట్టిగా అనిపించడం లేదు. కాసులు మానేయాలా? మానకుండా రెండూ నడిపే దారేమైనా ఉందా? లెక్కలతో చెప్పండి, నొచ్చుకోను.

తణుకు తమ్ముడు · ఆదివారం రాత్రి 10:05

అక్కా, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు, సొంతూరు తణుకు. లెక్క అడిగారు కాబట్టి లెక్కే చెప్తాను.

లక్ష రూపాయల బంగారం ఉన్న నాణెం కొన్నారనుకోండి. మజూరీ 4 శాతం వేస్తే 1,04,000. దానిమీద 3 శాతం జీఎస్టీ 3,120. మొత్తం 1,07,120 కట్టి బయటికొస్తారు. అదే కొట్లో ఆ సాయంత్రమే అమ్మితే 2 శాతం కోసి 98,000 ఇస్తాడు. అంటే గడప దాటేసరికి 9,120 పోయింది. ధర 9 శాతం పైన పెరిగితే తప్ప మీ అసలు మీకు రాదు. చిన్న నాణేలైతే ఇంకా దారుణం, ఒక గ్రాము నాణెం మీద మజూరీ శాతం బాగా ఎక్కువ పడుతుంది.

రెండో మాట. ఇప్పుడు బంగారం ఊపు చూసి అందరూ మర్చిపోతున్నారు గానీ, 2012లో 10 గ్రాములు 31,000 ప్రాంతంలో ఉంది. 2015కి 26,000 దగ్గరికి దిగింది. 2018లో మళ్ళీ 31,000. ఆరేళ్ళు ఎదురుచూసినవాడికి మిగిలింది సున్నా. ఆ ఆరేళ్ళలో పీపీఎఫ్‌లో వేసినవాడికి ఏటా 7.6 నుంచి 8.8 శాతం వడ్డీ పడింది.

పాత బంగారం అమ్మమని నేను అనను. కొత్తది కొనడం మాత్రం ఇవాళే ఆపండి.

పోస్టాఫీసు బాబాయి · సోమవారం ఉదయం 6:20

అమ్మా, నేను తపాలా శాఖలో 36 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ముందు ఆ సుకన్య ఖాతా సంగతి తేల్చుకుందాం, కంగారు పడకు.

ఏడాదికి కనీసం 250 పడకపోతే ఖాతా డిఫాల్టులోకి వెళ్తుంది. చచ్చిపోదు. వెయ్యని ప్రతి ఏడాదికీ 250, జరిమానా 50 కడితే మళ్ళీ లేస్తుంది. రెండేళ్ళకి 600. పాస్‌బుక్కు పట్టుకెళ్ళి ఖాతా రివైవ్ చెయ్యాలి అని చెప్పు, వాళ్ళకి తెలుసు. దాంతోపాటే ఈ ఏడాది డబ్బు కూడా వేసెయ్.

రాని దానిగురించి కూడా చెప్పాలి. ఏడాదికి లక్షన్నర హద్దు. పోయిన ఏడాది వెయ్యని హద్దు ఈ ఏడాది కలిసి రాదు. 2024 జనవరి నుంచి ఈ ఖాతాకి 8.2 శాతం ఇస్తున్నారు. మూడు నెలలకోసారి ప్రభుత్వం రేటు చూస్తుంది, మారొచ్చు. ఇదే రేటు ఉంటుందనుకుంటే 2024లో వెయ్యాల్సిన 50,000 మీ ఖాతా ముగిసే 2041కి దాదాపు 1,90,000 అయ్యుండేది. ఆ ఒక్క ఏడాది వెల అదమ్మా.

నువ్వు 2035 దాకా వెయ్యాలి, 2041లో మొత్తం చేతికొస్తుంది. పాపకి 18 నిండాక చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. ఇంకోటి గుర్తుపెట్టుకో. నెలలో 5వ తారీఖు లోపు వేస్తేనే ఆ నెల వడ్డీ. పీపీఎఫ్‌కీ అంతే. జీతం 1న వస్తే 3న వేసెయ్. సర్వీసంతా చూశాను, 10వ తారీఖున క్యూలో నిలబడే వాళ్ళే ఎక్కువ.

భీమవరం చెరువుగట్టు · సోమవారం మధ్యాహ్నం 1:40

తణుకు తమ్ముడూ, మీ లెక్క తప్పని అనను. ఆ లెక్క నెలజీతం వచ్చేవాడికి సరిపోద్ది.

మాకు 6 ఎకరాల రొయ్యల చెరువు, కౌలుకి. రెండేళ్ళ కిందట 55 రోజుల పంట మీద తెల్లమచ్చ జబ్బు తగిలింది. పొద్దున్న గట్టుమీదకెళ్తే అంచుల్లో రొయ్యలు తేలుతున్నాయి. రెండ్రోజుల్లో పట్టుబడి చేసేశాం. వచ్చిన చిన్న సైజు రొయ్యకి మేత బాకీ కూడా తీరలేదు. కౌలు కట్టాలి, మళ్ళీ చెరువులో రొయ్య పిల్ల దింపాలి. ఆ శుక్రవారం మా ఆవిడ గాజులు, గొలుసు బ్యాంకులో పెడితే మధ్యాహ్నానికి డబ్బు ఖాతాలో పడింది. పీపీఎఫ్ ఉండుంటే ఏం చేద్దును? మ్యూచువల్ ఫండు ఆ వారం కింద ఉంటే ఏం చేద్దును? 2020 మార్చికి షేర్ల సూచీ నిఫ్టీ 12,400 నుంచి రెండు నెలల్లో 7,600కి జారింది, గుర్తుందా?

పంట మీద బతికేవాళ్ళకి బంగారం అంటే రేపటి పిల్ల, రేపటి మేత. పంతులమ్మగారూ, మీరు చేసింది పూర్తిగా తప్పేం కాదు. ఆ తొమ్మిది కాసులు కొన్న రేటూ ఇవాళ్టి రేటూ చూసుకోండి.

తణుకు తమ్ముడు · సోమవారం మధ్యాహ్నం 2:15

అన్నయ్యగారూ, ఒప్పుకుంటున్నాను. 2025 ఏప్రిల్‌లో 10 గ్రాములు మొదటిసారి లక్ష దాటాయి, అక్క ఆ లోపే కొంది కాబట్టి కలిసొచ్చింది. ఒక్కటి చూడండి, మీరు తాకట్టు పెట్టింది గాజులు, గొలుసు. నాణేలైతే అంత తేలిగ్గా అయ్యేదా?

భీమవరం చెరువుగట్టు · సోమవారం మధ్యాహ్నం 2:50

అదీ చెప్తాను. మా నాన్నగారి కాసు ఒకటి కూడా తీసుకెళ్ళాను. ఆ బ్రాంచిలో తీసుకోలేదు. ఏ బ్యాంకులో కొన్నదో కాగితం ఉందా అనడిగారు. లేదన్నాను. వెనక్కిచ్చేశారు. ఆ మాట మీరు అడిగాకే గుర్తొచ్చింది.

యానాం వంతెన · సోమవారం సాయంత్రం 5:30

బ్యాంకులో బంగారం రుణాల సీట్లో చాలా ఏళ్ళు కూర్చున్నాను. నాణేల మీద అప్పుకి రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది, ఒక మనిషికి 50 గ్రాములు దాటకూడదు. నగలకి కిలో దాకా ఉంది. కడ్డీలు, బిస్కెట్ల మీద అప్పే లేదు. 50 గ్రాములంటే కాసుల్లో ఆరు. పంతులమ్మగారి దగ్గర పద్నాలుగున్నాయి. అవసరానికి పనికొచ్చేవి ఆరే అనుకోండి, అవైనా బ్రాంచి ఒప్పుకుంటేనే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. బ్యాంకు నాణెం అమ్ముతుంది గానీ తిరిగి కొనదు, కొనే అనుమతే లేదు. బ్యాంకులో కొన్నాం, బ్యాంకే తీసుకుంటుంది అనుకుని వచ్చేవాళ్ళకి కౌంటరు దగ్గర ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు. ఇంటి అవసరాలకి తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే బంగారం విలువలో 85 శాతం దాకా, 5 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం. చిన్న అప్పు అవసరమయ్యే మనలాంటివాళ్ళకి ఇది మేలే.

నరసాపురం బంగారప్పని · సోమవారం రాత్రి 10:30

ఆయ్, ఇవాళ కొట్టు కట్టేసరికి ఆలస్యమయింది. మా తాతల నాటినుంచీ ఇదే పనండి. డబ్బు దాచడం గురించి పెద్దలు చెప్పారు, నేను కాసు గురించి చెప్తాను. పంతులమ్మగారి దగ్గర రెండు రకాలున్నాయి, రెంటినీ ఒకే డబ్బాలో పోసుకుని ఒకే పేరు పెట్టేశారు. చిక్కంతా అక్కడే ఉందని నా ఉద్దేశం.

మీరు కొన్న తొమ్మిదీ కొత్త కాసులు. 916, అంటే 22 క్యారెట్లు, 8 గ్రాములు, మీద లక్ష్మీదేవో వెంకన్నబాబో ఉంటారు. వాటి విలువ తూకమే. కరిగించినా అంతే, దాచినా అంతే.

అమ్మమ్మగారివి మాత్రం సవరన్లు. ఇంగ్లండు కాసులు. తూకం 7.98 గ్రాములు, అందులో మేలిమి బంగారం 7.32. అడ్డం 22 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర. అంచు చుట్టూ సన్నటి గీతలు పళ్ళలా వరసగా ఉండాలి. నకిలీల్లో ఆ పళ్ళు ఎక్కడో ఒకచోట అరిగినట్టు, తప్పినట్టు ఉంటాయి. గోరుతో తిప్పుతూ పోతే వేలికి తెలిసిపోద్ది. గుర్రం కాళ్ళ కింద నేల, ఆ నేల కింద ఏడాది. 1918 అని ఉంటే భూతద్దం పెట్టి ఏడాది పైన ఆ నేల మధ్యలో చూడండి, ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఆవగింజంత ఉంటే అది బొంబాయి టంకశాలలో కొట్టింది. అప్పట్లో మన దేశంలో సవరన్లు కొట్టింది ఆ ఒక్క ఏడాదే. ‘ఎస్’ ఉంటే సిడ్నీ, ‘ఎమ్’ ఉంటే మెల్‌బోర్న్, ‘పీ’ ఉంటే పెర్త్. ఏమీ లేకపోతే లండను.

మా దగ్గరికి వచ్చే పాత కాసుల్లో చాలావాటికి పైన అంచు దగ్గర చిన్న మచ్చ కనబడుద్ది. కాసులపేరులో గుచ్చడానికి ఉంగరం అతికించి, తర్వాత ఊడబీకిన టంకం మచ్చ. అలాంటిదానికి సేకరించేవాళ్ళు పైసా ఎక్కువివ్వరు, తూకానికే పోద్ది. మచ్చ లేని కాసుకే విలువ.

దయచేసి వాటిని కుంకుడుకాయ రసంలో నానేసి బ్రష్షుతో తోమకండి. నగలకి చేసినట్టు వీటికి చెయ్యకూడదు. రాజు జుట్టు గీతలు పోతే మళ్ళీ రావు. పోయినేడు ఒకావిడ మూడు కాసులు ధగధగలాడేలా మెరుగు పెట్టించుకుని మరీ తెచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

కాబట్టి నా మాట ఇది. అమ్మమ్మగారి ఐదూ ముట్టుకోకండి, వాటిని ఆస్తి లెక్కలో కూడా రాయకండి. కొత్త తొమ్మిదీ పొదుపు లెక్కలోకి రాయండి. ఇంకా కొనాలా వద్దా అన్నది ఆ రెండో లెక్క చూసి తేల్చుకోండి. నేను కాసులు అమ్ముకు బతికేవాణ్ణే, అయినా చెప్తున్నాను.

పాలకొల్లు పంతులమ్మ · సోమవారం రాత్రి 11:10

బాబాయిగారూ, మీ మాట చదివి లేచి కూర్చున్నాను. ఖాతా పోయిందనుకుని వారం నుంచీ నిద్ర లేదు. నరసాపురం అన్నయ్యగారూ, రెండు రకాలన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. కాసు అంటే కాసు అనుకున్నాను. భూతద్దం స్కూల్లో సైన్సు మేష్టారి దగ్గరుంది, తెస్తాను.

అంబాజీపేట తోట · మంగళవారం ఉదయం 7:45

నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. తెల్లారి బయటికొస్తే తోట లేదు. రెండెకరాల కొబ్బరి చెట్లు ఒకేవైపు పడుకుని ఉన్నాయి, ఎవరో చాపలు పరిచినట్టు. ఇంటి పెంకు ఒక్కటి మిగల్లేదు. కొబ్బరి మొక్క పెడితే కాపు రావడానికి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళూ కాయ దింపు లేదు, మాకు వేరే ఆదాయం లేదు.

మా నాన్నమ్మ మెళ్ళో కాసులపేరు ఉండేది. పేరు మొత్తం ఒకేసారి అమ్మలేదావిడ. పెంకుకి రెండు కాసులు, మొక్కలకి ఒకటి, మా చదువుకి జూన్‌లో ఒకటి. అలా ఒక్కోటీ తీసి, మిగిలినవి మళ్ళీ దగ్గరికి జరిపి దారం బిగించేది. అన్నేసి కాసుల పేరు చివరికి మెళ్ళో నల్లపూసలంత పొట్టిదయిపోయింది. మొదటి దింపు వచ్చిన ఏడాది నాలుగు కాసులు మిగిలాయి.

నగ అయితే ఒకేసారి కరిగించాలి. కాసులు కాబట్టి కావలసినంతే విడదీసుకున్నాం. ఇది కాసుకున్న గుణం, దీన్ని ఏ పాస్‌బుక్కూ చెయ్యలేదు. అందుకని మానేయమని నేను చెప్పలేను. అయితే పంతులమ్మా, ఆ రోజుల్లో మా నాన్నకి పోస్టాఫీసులో పది వేలున్నా ఆ పేరు అంత తెగేది కాదు. మా ఇంట్లో ఉన్న పొదుపంతా నాన్నమ్మ మెళ్ళోనే ఉండేది. ఆ బరువు ఆవిడొక్కతే మోసింది. నాకు ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరికీ సుకన్య ఖాతాలున్నాయి, ఇంట్లో ఆరు కాసులున్నాయి. రెండూ ఉండాలి.

మస్కట్ నుంచి · మంగళవారం మధ్యాహ్నం 12:20

అంబాజీపేట అన్నయ్యా, చదువుతూ కళ్ళు తుడుచుకున్నాను. మాది రాజోలు వైపు. ఇక్కడ ఇంటి పనిలో ఉన్నాను, తొమ్మిదేళ్ళయింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలనిపించింది. ఇక్కడ నాణెం చవగ్గా వస్తుందని ఊళ్ళోవాళ్ళు తెమ్మంటారు. విదేశంలో ఏడాది పైన ఉన్నవాళ్ళు తెచ్చుకునే బంగారానికి సుంకం మినహాయింపు నగలకే, నాణేలకీ బిస్కెట్లకీ లేదు. నాలాగే ఒకామె తెలియక ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు కూర్చుంది. నేను ఇప్పుడు నెలనెలా డబ్బే పంపిస్తున్నాను, అమ్మ పేరున బ్యాంకులో వేస్తుంది.

గౌతమి ఒడ్డు · మంగళవారం రాత్రి 8:55

రాజమండ్రిలో ఉంటాను. పాత నాణేలు ముప్పై ఏళ్ళుగా సేకరిస్తున్నాను. అసలు విషయానికి వచ్చే ముందు ఒక్క ముచ్చట. మనం ఇప్పటికీ ‘వరహాలు’ అంటాం కదా, ఆ మాటలో ఉన్న వరాహం చాళుక్యుల ముద్ర. మా ఊరి నుంచే ఏలిన రాజరాజ నరేంద్రుడి పేరుతో, ఆయనకి ముందున్న శక్తివర్మ పేరుతో కొట్టిన బంగారు నాణేలు ఎక్కడ దొరికాయో తెలుసా? బర్మాలో అరకాన్ తీరం దగ్గరి దీవిలో, సయాంలో. గోదావరి నోటి నుంచి ఓడలెక్కి వెళ్ళాయన్నమాట. అలాంటి నాణెం బొమ్మ చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక అసలు సంగతి. సేకరణ అంటే ప్రేమ ఉండాలి, హద్దు కూడా ఉండాలి. నేను మొదటి పదేళ్ళు హద్దు లేకుండా కొని పెద్దమ్మాయి ఇంజనీరింగు ఫీజుకి అప్పు చేశాను. అలమార్లో నాణేలున్నాయి, అమ్మబుద్ధి కాలేదు. అప్పుడు అర్థమయింది, అమ్మలేని దాన్ని పొదుపు అనకూడదు. ఆ ఏడాది నుంచీ ఒక పద్ధతి. ఇంటి ఖర్చు, పిల్లల ఖాతాలు, ఆరోగ్య బీమా, ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో, ఇవన్నీ పోయాక ఏడాది చివర మిగిలిన దాంట్లో పదోవంతుతోనే నాణెం. మిగలకపోతే లేదు. కొన్ని ఏళ్ళు ఒక్కటీ కొనలేదు. కొనని ఏళ్ళలో ఉన్నవాటిని చదివాను. నిజం చెప్తున్నాను, ఎక్కువ ఆనందం ఆ ఏళ్ళలోనే.

చట్టం కూడా ఒక ముక్క. చెరువు తవ్వుతుంటే దొరికింది, పునాదిలో దొరికింది అని పాత నాణేలు అమ్మజూపుతారు, కొనకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకి తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. పంతులమ్మగారి అమ్మమ్మ ఇచ్చినవి కుటుంబంలోంచి వచ్చినవి, వాటికి భయం లేదు. ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టుకోండి, పాపకి పనికొస్తుంది.

తణుకు తమ్ముడు · మంగళవారం రాత్రి 9:40

అమ్మలేని దాన్ని పొదుపు అనకూడదు. ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను సార్.

అక్కా, మొన్న నేను కొంచెం దురుసుగా మొత్తం ఆపెయ్యమన్నాను. అంబాజీపేట అన్నయ్యగారి మాట విన్నాక మార్చుకుంటున్నాను. బంగారం ఇంట్లో ఉండాలి, మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. పొదుపు కోసం ఇంకా బంగారమే కావాలనిపిస్తే నాణెంగా కొననక్కర్లేదు. గోల్డ్ ఈటీఎఫ్ ఉంది, అంటే షేర్లలా కొనుక్కునే బంగారం ఫండు, మజూరీ లేదు, కొనుగోలు మీద జీఎస్టీ లేదు. ఏడాది దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. చేతిలో ఉన్న బంగారానికైతే ఆ రేటు రెండేళ్ళు దాటాకే. బంగారం ధరని బట్టి ప్రభుత్వం డబ్బిచ్చే సావరిన్ గోల్డ్ బాండ్లు ఇంకా బావుండేవి. 2015 నవంబరులో గ్రాము 2,684కి ఇచ్చినవాటికి ఎనిమిదేళ్ళ తర్వాత 6,132 చేతికిచ్చారు, మధ్యలో ఏటా వడ్డీ కూడా. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడత రాలేదు. ఫోన్ యాపుల్లో పది రూపాయలకి కొనే డిజిటల్ గోల్డ్ జోలికి మాత్రం వెళ్ళకండి, అది తన పరిధిలో లేదని షేర్ల మార్కెట్టుని నియంత్రించే సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది.

ఉండి చేనుగట్టు · బుధవారం ఉదయం 9:15

చీటీ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను నా బాధ చెప్తాను. మా పక్క టౌన్లో ఒక నగల కొట్టువాళ్ళ 11 నెలల స్కీములో మా ఆవిడ నెలకి 5,000 చొప్పున కట్టింది. పదో నెలలో కొట్టు తెరవలేదు. దాళ్వా, అదే రెండో పంట, ధాన్యం డబ్బులవి. పోలీసు స్టేషన్లో కాగితం ఇచ్చి రెండేళ్ళయింది. కార్డు మీద స్టాంపులు తప్ప మా చేతిలో ఏమీ లేదు. పంతులమ్మగారూ, మీరు కట్టే చీటీ రిజిస్టరైందా? ఆ ఒక్కటీ చూసుకోండి.

పాలకొల్లు పంతులమ్మ · బుధవారం ఉదయం 10:50

లేదండీ. మా వీధిలో ఆవిడ నడుపుతారు, నమ్మకం మీద. మీరు అడిగాక గుండె ఝల్లుమంది. ఇంకో నాలుగు నెలలుంది. అయిపోయాక మళ్ళీ చేరను.

యానాం వంతెన · బుధవారం సాయంత్రం 6:10

లాకరు విషయం కూడా చెప్పేస్తాను, గోదావరి పక్కన ఉండేవాళ్ళకి ఇది ముఖ్యం. దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకి నూరు రెట్ల వరకే. 2,000 అద్దె అయితే రెండు లక్షలు, లోపల ఎన్ని కాసులున్నా. వరద, తుపాను లాంటివాటికి బ్యాంకు బాధ్యత అసలు లేదు. 1986 వరద చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కింది వరస లాకరు ఇస్తే పై వరసది అడగండి. కాసులు గాలి చొరని డబ్బాలో పెట్టండి. నామినీ పేరు రాశారో లేదో రేపే చూసుకోండి.

పాలకొల్లు పంతులమ్మ · శనివారం రాత్రి 9:30

అందరికీ చెప్పాల్సినవి ఉన్నాయి.

గురువారం, 3వ తారీఖు, సగం పూట సెలవు పెట్టి పోస్టాఫీసుకి వెళ్ళాను. బాబాయిగారు చెప్పినట్టే 600 కట్టించుకున్నారు. దాంతోపాటు ఈ ఏడాదికి 20,000 వేశాను. కౌంటర్లో అమ్మాయి పాస్‌బుక్కు మిషన్లో పెడితే రెండేళ్ళ ఖాళీ తర్వాత కొత్త వరస పడింది. ఖాళీ ఉన్నన్నాళ్ళూ ఉన్న డబ్బుకి వడ్డీ పడుతూనే ఉంది, అది చూసి అక్కడే నిలబడిపోయాను.

ఇంటికొచ్చి మావారు నేను కూర్చుని రాసుకున్నాం. వచ్చే నెల నుంచి పాప ఖాతాకి 6,000, పీపీఎఫ్‌కి 3,000, సిప్ 3,000. ఇవి 3వ తారీఖు లోపు వెళ్ళిపోతాయి. చీటీ అయ్యాక ఆ 12,000లో 7,000 బ్యాంకులో విడిగా, ఆర్నెల్ల ఖర్చు నిండేదాకా. మిగతా 5,000 ఆరోగ్య బీమాకి, పీపీఎఫ్‌కి. మావారి కంపెనీ బీమా ఉద్యోగం ఉన్నంతవరకే కదా.

కొత్త కాసులు తొమ్మిదిలో మూడు అమ్ముదామా అని ఆయన అడిగారు. రాత్రంతా ఆలోచించాను. అమ్మట్లేదండీ, వాటిని ఆపద బంగారం అని రాశాం. యానాం సార్ చెప్పిన ఆరు తాకట్టుకి, మిగిలిన మూడు పాప పెళ్ళికి. కొత్తది కొనడం మాత్రం బ్యాంకులో ఆర్నెల్ల డబ్బు నిండేదాకా లేదు. లెక్క వేశాను, దాదాపు మూడేళ్ళు. మూడు శ్రావణాలు కొనకుండా ఉండాలి. కష్టమే, చేస్తాను.

అమ్మమ్మ కాసులు శుక్రవారం సాయంత్రం భూతద్దంతో చూశాం. పాప నా ఒళ్ళో కూర్చుంది. రెండింటికి పైన టంకం మచ్చ ఉంది. అంటే ఎప్పుడో కాసులపేరులోవే, ఎవరి మెళ్ళోదో నాకు తెలియదు. 1911వి రెండు, 1913 ఒకటి, 1912 ఒకటి, వీటిమీద ఏ అక్షరమూ లేదు. ఐదోది 1918. నాకు కనబడలేదు. పాప అద్దం లాక్కుని గుర్రం కాళ్ళ కిందే చాలాసేపు చూసి, “అమ్మా, ఇక్కడ ఒక చిన్న గీత నిలబడుంది” అంది.

నరసాపురం అన్నయ్యగారూ, పైనా కిందా చిన్న అడ్డగీతలున్నట్టే ఉన్నాయి. గీతా, అక్షరమా తేల్చుకోలేకపోతున్నాం. ఆదివారం మీ కొట్టు తెరిచి ఉంటుందా?

నరసాపురం బంగారప్పని · శనివారం రాత్రి 10:02

తెరిచే ఉంటుందమ్మా, పదింటికి రండి. పాపని కూడా తీసుకురండి. కాసుని పత్తిలో పెట్టుకు రండి, ముట్టుకుంటే అంచులు పట్టుకునే ముట్టుకోండి. ఫొటో వద్దు, నేను చేత్తో చూడాలి.